ముందు ఆకుల్ని చూడు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకు అత్తయ్య దీవించి రాయునది.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మధురవాడ ఇంటి పెరట్లో కరివేపాకు మొక్క మోడైపోయిందని, పురుగుల్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తోందని, ఏ మందు కొట్టమంటావని అడిగావు. కిందనే ఇంకో మెసేజ్. బాబుకి సీతాకోకచిలుకలంటే పిచ్చి, అవి రావాలంటే ఏ పూలమొక్కలు వెయ్యాలి అని. ఆ రెండు ప్రశ్నలూ ఒకటేనే తల్లీ. నువ్వు మందు కొడదామనుకుంటున్నవే ఇంకో రెండు మూడు వారాల్లో రెక్కలొచ్చి ఎగిరేవి. కాబట్టి మందు మాట మర్చిపో. వేపనూనె కూడా వద్దు. "అది మంచిదే కదా అత్తా" అంటావని తెలుసు, మనకి మంచిదే, గొంగళిపురుగు మాత్రం దాని దెబ్బకి తిండి మానేసి చస్తుంది.

ఫోన్లో చెప్తే మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తుంది, నువ్వు "ఉంటా అత్తా" అంటావు. అందుకే రాస్తున్నాను.

అందరూ పూలతో మొదలుపెడతారు. నర్సరీకి వెళ్ళి నూరువరహాలు, బంతి, బిళ్ళగన్నేరు తెచ్చి వరసగా పెడతారు. తప్పేం లేదు, సీతాకోకచిలుకలు వస్తాయి, తేనె తాగుతాయి, పోతాయి. అవి నీ పెరట్లో ఉండాలంటే గుడ్లు పెట్టుకునే ఆకు ఉండాలి. ఒక్కో రకానికి కొన్ని ఆకులే పడతాయి, పక్కవాటిని ముట్టదు. చాలా వాటికి ఆ ఆకులు కూడా లేతగా ఉండాలి. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను కదా, నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే: చిలుకల కోసం గాల్లోకి చూడకు, ఆకుల్ని చూడు. ఏ మొక్క ఎప్పుడు చిగురేస్తుందో తెలిస్తే ఆ వారం ఎవరొస్తారో ముందే చెప్పొచ్చు.

నీ కరివేపాకు దగ్గరికే వద్దాం. దాని మీద పెరిగేవి ముఖ్యంగా రెండు, లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్. నిమ్మ, దబ్బ, మారేడు మీద కూడా ఇవే. పొద్దున తొమ్మిది దాటాక మొక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. ఆడచిలుక వచ్చి ఆకు మీద పూర్తిగా వాలదు, రెక్కలు ఆడిస్తూనే ముందు కాళ్ళతో ఆకుని టకటకా తడుతుంది. కాళ్ళతోనే రుచి చూస్తుంది అది. నచ్చితే పొట్ట చివర వంచి ఒకే ఒక్క గుడ్డు పెట్టి ఇంకో చిగురుకి పోతుంది. గుడ్డు చిన్న ఆవగింజంత, లేత పసుపు, నున్నగా ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల వస్తుంది. మొదట్లో అది అచ్చం పిట్టరెట్టలా నలుపూ తెలుపూ కలిసి ఉంటుంది, నువ్వు తుడిచేద్దామనుకున్నది కూడా అదే అయ్యుంటుంది. పిట్టలు కూడా అలాగే మోసపోయి వదిలేస్తాయి. చివరిసారి కుబుసం విడిచాక ఒక్కసారిగా ఆకుపచ్చగా మారి, భుజాల మీద కళ్ళలాంటి మచ్చలతో బలిసి కూర్చుంటుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తట్టి చూడు, తల వెనకనుంచి పంగలా చీలిన ఎర్రటి కొమ్ము ఒకటి బయటికొచ్చి ఘాటు వాసన కొడుతుంది. బాబు కేరింతలు కొడతాడు. ఒకసారి చాలు, ఊరికే విసిగించొద్దని చెప్పు.

మొక్కని నిజంగా గుల్ల చేసేది ఆ ఆఖరి నాలుగైదు రోజుల్లోనే. అంతవరకు ఓర్చుకున్నావంటే పని అయిపోతుంది, మొక్క మళ్ళీ చిగురేస్తుంది. పులుసులోకి రెబ్బ దొరకట్లేదని మీ అత్తగారు సణుగుతారేమో, అందుకని రెండు కరివేపాకు మొక్కలు పెట్టు. వంటకి ఒకటి, వీటికి ఒకటి. వంటమొక్క మీద పురుగు కనిపిస్తే ఆకుతో సహా తుంచి రెండోదాని మీదకి మార్చెయ్యి. చేత్తో పట్టి లాగకు, కాళ్ళు తెగిపోతాయి.

తర్వాత అది మొక్క దిగి ఎక్కడికో పోతుంది. గోడవారనో, కుండీ అంచునో వెతుకు. నడుముకి సన్నటి పట్టుదారం కట్టుకుని వెనక్కి వాలి ప్యూపా అవుతుంది, అంటే పురుగు చిలుకగా మారే గూడు. పచ్చటి కొమ్మ మీద అయితే పచ్చగా, ఎండుపుల్ల మీద అయితే గోధుమ రంగులో ఉంటుంది. వారం పది రోజులకి పైపొర పల్చబడి లోపలి రెక్కల డిజైను కనిపించిందంటే తెల్లారి బయటికొస్తుందని లెక్క. బాబుని త్వరగా లేపు, ఎక్కువగా పొద్దున పూటే వస్తాయి. వచ్చాక రెక్కలు ముడతలు పడి తడిగా ఉంటాయి, వేలాడుతూ వాటిలోకి రక్తం ఎక్కించుకుంటుంది. ఆ సమయంలో ముట్టుకుంటే జన్మకి ఎగరలేదు. అన్నీ చిలుకలవుతాయని మాత్రం ఆశ పెట్టకు వాడికి. కొన్ని ప్యూపాలు నల్లబడి, పక్కన సూదితో పొడిచినట్టు చిన్న కన్నం కనిపిస్తుంది. కందిరీగ జాతి చిన్న పురుగు అందులో గుడ్లు పెట్టి దాని పిల్లల్ని పెంచుకుని పోయిందన్నమాట. పిల్లలకి చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పు.

ఆడ మార్మన్ గురించి చెప్పకపోతే నిద్రపట్టదు నాకు. మగది నల్లగా, వెనక రెక్కల మీద తెల్ల మచ్చల వరసతో ఉంటుంది. ఆడవాటికి మూడు వేషాలు. కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్ని కామన్ రోజ్ అనే వేరే చిలుకని, కొన్ని క్రిమ్సన్ రోజ్ అనే ఇంకోదాన్ని అనుకరిస్తాయి. ఆ రోజ్‌లు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు తిని పెరిగి ఒళ్ళంతా విషం చేసుకుంటాయి, పిట్టలు వాటి జోలికి పోవు. ఆ పేరు చెప్పుకుని మన మార్మన్ బతికేస్తుంది. తేడా ఎక్కడంటే ఒంటి రంగులో. అసలు రోజ్‌కి ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, వేషగత్తెకి నల్లగా ఉంటుంది.

ఇలాంటి నాటకమే ఇంకోటి జిల్లేడు దగ్గర జరుగుతుంది. జిల్లేడు ఇంట్లో ఉండకూడదంటారని నీకు టెన్షన్ వద్దు, గేటు బయట కాలవ గట్టున దానంతట అదే మొలుస్తుంది, పీకించకుండా ఉంటే చాలు. రథసప్తమికి ఆకుల కోసం ఊరంతా తిరిగే బాధా తప్పుతుంది. పాలు కంట్లో పడకుండా మాత్రం జాగ్రత్త. దాని మీద నలుపు, తెలుపు, పసుపు చారలతో, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములతో పురుగు ఉంటుంది. అది ప్లెయిన్ టైగర్ పిల్ల. పెద్దయ్యాక కాషాయం రంగు రెక్కలతో తాపీగా ఎగురుతుంది, దాన్ని తినే ధైర్యం ఎవరికీ లేదని దానికి తెలుసు. ఇప్పుడు నీ పెరట్లో గంగపాయల కూర ఉంటే కాస్త వదిలెయ్యి. డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో చిలుక దాని మీద పెరుగుతుంది. దాని ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్. వెనక రెక్క చూడు, అసలుదానికి మధ్యలో మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి, నకిలీకి పై అంచు దగ్గర ఒక్కటే. ఫొటో తీసి జూమ్ చేసి లెక్కపెట్టమను బాబుని.

మిగతావి గబగబా చెప్తాను. గన్నేరు మీద కామన్ క్రో, దాని ప్యూపా వెండిపూత పూసినట్టు మెరుస్తూ ఆకు కింద వేలాడుతుంది. మీ కాలనీ గోడల వెంట నిటారుగా పెంచిన అశోక చెట్ల మీద, సీతాఫలం మీద టెయిల్డ్ జే. సంపెంగ ఉంటే ఇంకా మంచిది, సింహాచలం వెళ్ళినప్పుడు పూలు కొనుక్కునే బదులు ఒక మొక్క పెట్టుకో. రేల, సీమతంగేడు మీద ఎమిగ్రెంట్లు. రేగు మీద చుక్కల చొక్కా వేసుకున్న బుల్లి పియరో. ఆముదం మీద కామన్ కాస్టర్. మామిడి ఉంటే ఆకు మధ్య ఈనె మీద పరీక్షగా చూడు, బేరన్ పురుగు అక్కడ పడుకుని ఉంటుంది, ఒంటి మధ్య గీత ఈనెతో కలిసిపోయి ఎదురుగా ఉన్నా కనపడదు.

ఇక కాలాల సంగతి. రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు, మన విశాఖలో రోళ్ళకంటే ముందు మనుషులు ఉక్కకి కరిగిపోతారు. ఆ రోజుల్లో పొద్దున తొమ్మిదిలోపు చూసుకోవాలి, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకే. మట్టిపళ్ళెంలో ఇసక పోసి, చిటికెడు ఉప్పు కలిపి, ఎప్పుడూ తడిగా ఉంచు. మగ చిలుకలు ఉప్పు కోసం దాని మీద వాలతాయి. మగ్గిపోయిన మామిడిపండు, అరటిపండు ఓ మూల నీడలో పెడితే పూల వైపు చూడని బేరన్లు కూడా దిగుతాయి. చీమలెక్కకుండా పళ్ళెం కింద నీళ్ళగిన్నె పెట్టు.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాలుగు వానలు పడితే కథే మారిపోతుంది. నిమ్మ, కరివేపాకు, రేల అన్నీ ఒకేసారి చిగురేస్తాయి, వెనకాలే గుడ్లు. బ్లూ టైగర్లు, క్రోలు దక్షిణాదిన గుంపులుగా వలస తిరిగేది వానాకాలానికి ముందూ వెనకా. జనుము మొక్కలు నాలుగు ఉంటే అవి దిగుతాయి. మగవి ఎండిన కొమ్మల్ని, కాయల్ని గీకి రసం పీల్చుకుంటాయి, ఆడదాన్ని ఆకర్షించే వాసన దాంతోనే తయారవుతుంది. శ్రావణ భాద్రపదాల్లో గడ్డి పెరిగితే మొత్తం గీకించకు, ఓ మూల మోకాలెత్తు వదులు. ఈవినింగ్ బ్రౌన్ అనే చిలుక అక్కడే పెరుగుతుంది, దీపాలు పెట్టే వేళకి లేస్తుంది. వానల్లో పుట్టిన వాటి రెక్కల కింద కళ్ళలాంటి గుండ్రటి మచ్చలు స్పష్టంగా ఉంటాయి. ఎండాకాలంలో పుట్టినవి మచ్చల్లేకుండా ఎండుటాకు రంగులో ఉంటాయి. అదే జాతి, పురుగుగా ఉన్నప్పటి వాతావరణాన్ని బట్టి దుస్తులు మారతాయి. పీకాక్ పాన్సీ అయితే రెక్క ఆకారం కూడా మార్చుకుంటుంది, ఎండాకాలంలో అంచులు కోసుగా సాగి ఆకు తొడిమలా అవుతాయి. రెండు కాలాల్లో రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టుకో, ఏ పుస్తకమూ అక్కర్లేదు.

అక్టోబరు తుఫాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు హైదరాబాదులో ఉన్నావు, చూడలేదు. మర్నాడు చూస్తే ఊళ్ళో సగం చెట్లు నేల మీద ఉన్నాయి, నిలబడ్డ వాటికి ఆకు లేదు, కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగుకి తిరిగాయి. ఆ తర్వాత మా సీతమ్మధార ఇంట్లో విరిగిన నిమ్మకొమ్మ అదను కాని అదనులో చిగురేసింది, దాని మీద లైమ్ గుడ్లు కనిపించాయి. పంచాంగం కాదు, చిగురే లెక్క అనేది అందుకే.

తుఫాన్లు తగ్గి కార్తీకం వచ్చిందా, ఇక సంక్రాంతి దాకా మన ఊళ్ళో చిలుకలకి మించిన కాలం లేదు. వాన తడి ఇంకా ఉంటుంది, ఎండ నెమ్మదిస్తుంది. చలి పొద్దుల్లో ఒళ్ళు వెచ్చబడితేగానీ అవి ఎగరలేవు, ఎండపొడ పడే గోడ మీద, అరుగు మీద రెక్కలు పరిచి కూర్చుంటాయి. ఫొటోలకి అదే సమయం. నీ నీడ వాటి మీద పడకుండా వంగి వెళ్ళు. మాఘం తర్వాత ఆకు రాలుతుంది, సందడి సన్నగిల్లుతుంది, కంగారు పడకు.

మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, గాలి. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీంచి గాలి లేస్తుంది, డాబా మీద కుండీలు పెట్టినవాళ్ళకి చిలుకలు నిలవవు. నీకు పెరడు ఉంది కాబట్టి తూర్పు వైపు మందారమో, నందివర్ధనమో గుబురుగా పెంచి దాని చాటున తేనెపూలు పెట్టు. కంబాలకొండ అడవి మీకు దగ్గరే కాబట్టి మాకు కనిపించని రకాలు నీకు కనిపిస్తాయి, ఆ కుళ్ళు నాకు ఉండనే ఉంది. నర్సరీ మొక్కకి మందు కొట్టే ఉంటారు, కొన్నాక కొన్ని వారాలు విడిగా పెట్టి, ఆకులు కడిగి, కొత్త చిగురు వచ్చాకే వీటి మధ్య పెట్టు. తెలిసినవాళ్ళతో కలిసి చూడాలనిపిస్తే పెదవాల్తేరు రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కుకి బాబుని తీసుకెళ్ళు. సెప్టెంబరులో దేశమంతా బిగ్ బటర్‌ఫ్లై మంత్ అని 2020 నుంచి జరుపుతున్నారు, నీ ఫొటోలు అందులో చేర్చొచ్చు. పేర్లు తెలియకపోతే నాకు పంపు. నోటుపుస్తకంలో తేదీ, ఏ మొక్క, ఆకు లేతదా ముదురుదా, ఈ మూడూ రాసుకో. ఎన్ని చూశావన్నది ఎవరికీ అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను చిలుకల పక్షం కాదు. దానిమ్మ వేశానన్నావు కదా. దానిమ్మ చిలుక అని ఒకటుంది, మగది నీలంగా మెరుస్తుంది, ఆడది పువ్వు మీద, కాయ మీద గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుపోయి గింజలన్నీ తినేస్తుంది, కాయ కుళ్ళి రాలిపోతుంది. కన్నం పడ్డ కాయలు ఏరి దూరంగా పారేయించు. మిగతావాటికి పిందెగా ఉన్నప్పుడే గుడ్డసంచి కట్టెయ్యి. మీ మామయ్య పాత పంచెతో కొన్ని సంచులు కుట్టి పెట్టాను, ఆదివారం వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. వచ్చేముందు ఫోన్ చెయ్యి, పనసపొట్టు కూర చేసి ఉంచుతాను.

ఇట్లు
మీ అత్తయ్య