పాట నచ్చితే ఆడనే ఆగకు అల్లుడూ

అల్లుడూ,

ఫోన్ల ఏది పెట్టినా తిప్పి తిప్పి అవే పాటలొస్తున్నయ్ మామా, కొత్తయి ఎట్ల పట్టాలె అని అడిగితివి గదా, మాటల్ల జెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న. ఆ యాప్ నువ్వు నిన్న విన్నది జూసే ఇయ్యాల్టిది ఇస్తది, ఇగ కొత్తదేడికెళ్లి వస్తది? ముందుగాల ఆటోప్లే బంద్ జెయ్యి.

నేను జేసేది ఒక్కటే. పాట నచ్చిందంటే దాని ఎనక ఉన్న పేర్లు పట్టుకొని పోత. ఎవరు వాయించిన్రు, ఏ లేబులోళ్లు, అంటే రికార్డులు తెచ్చే కంపెనోళ్లు, ఏసిన్రు, ఏ ఊర్ల రికార్డ్ జేసిన్రు, ఇవన్నీ డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్ల దొరుకుతయ్, ఫ్రీగనే.

ఒకటి జెప్త విను. హైలు మెర్గియా అని ఇథియోపియాయన, 1985ల అకార్డియన్, కీబోర్డ్ పెట్టి ఒక్కడే ఒక కాసెట్ జేసిండు, తర్వాత అమెరికాల వాషింగ్టన్ కాడ టాక్సీ నడుపుకుంట బతికిండు, గిరాకీ కోసం ఆగినప్పుడు డిక్కీలకెళ్లి కీబోర్డ్ తీసి వాయించుకునేటోడట. ఆ కాసెట్ ఇథియోపియాలనే బ్రయన్ షింకోవిట్జ్ అనేటాయన చేతికొచ్చి, 2013ల ఆసమ్ టేప్స్ ఫ్రమ్ ఆఫ్రికా అనే లేబుల్ మీద మళ్ల ఏసిండు. ముసలితనంల ఆయన మళ్ల స్టేజీ ఎక్కిండు అల్లుడూ! ఇప్పుడు ఆయన పాత బ్యాండ్ వాలియాస్ పట్టుకో, వాళ్ల 1977 రికార్డుల ములాటు అస్తాత్కే అనే ఇంకో ఇథియోపియాయన వైబ్రాఫోన్ (లోహపు పట్టీల మీద కర్రలతోని కొట్టే వాయిద్యం) వాయించిండు, ఆయన్ని పట్టుకుంటే ఇథియోపిక్స్ అనే ఇథియోపియా పాటల ఆల్బమ్‌ల పెద్ద సీరీస్ కాడ తేల్తవ్, నెలలకు నెలలు వినొచ్చు. ఒక్క కాసెట్‌తోని ఒక దేశం సంగీతమే దొరికింది సూడు.

మనకాడ గూడ ఉన్నయ్, బొంబాయి చరణ్‌జీత్ సింగ్ 1982ల సింథసైజర్ (కరెంటుతోని సప్పుళ్లు పుట్టించే కీబోర్డ్) మీద రాగాలు డిస్కో బీటుకు వాయించిండు, అప్పుడు ఎవ్వలు పట్టించుకోలే, 2010ల మళ్ల ఏస్తే ప్రపంచం నోరెళ్లబెట్టింది.

కొత్తోళ్ల కోసమైతే బ్యాండ్‌క్యాంప్ అనే పాటలమ్మే వెబ్‌సైట్ సూడు, 2008 నుంచి ఉన్నది. ఆల్బమ్ కింద కొన్నోళ్ల బొమ్మలు చిన్నచిన్నగ ఉంటయ్, ఒకదాన్ని నొక్కితే వాళ్లు ఇంకేం కొన్నరో అంతా కనపడ్తది, నీకు నచ్చిన రెండు ఆల్బమ్‌లు కొన్నోని కలెక్షన్ల మూడోది నీకు నచ్చేదే ఉంటది, ఇంతకన్న మంచి దారి నాకు దొరకలే. నచ్చితే పైసలు పెట్టి కొను, బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే ఉన్న దినం కొంటే కంపెనీ దాని కమీషన్ ఇడిసిపెడ్తది. లండన్ ఎన్‌టీఎస్ అనే ఇంటర్నెట్ రేడియో గూడ విను, పాత షోలు ఉంటయ్, శానిటికి పాటల లిస్టు గూడ ఉంటది.

మెటల్ (గట్టి గిటార్లు, అరుపుల రాక్) ఐనా యాంబియెంట్ (మెల్లగ పారే సప్పుళ్ల సంగీతం) ఐనా మొదటిసారికే బాగలేదనకు. మెటల్‌ల ముందు డ్రమ్స్ ఒక్కటే విను, గొంతు తర్వాత అలవాటైతది. యాంబియెంట్ రాత్రి లైట్లార్పి పెట్టు, పనిల పెడితే అది చెవికెక్కది.

ఇగ మనూరి సంగతి. నాగర్‌కర్నూల్ మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర, నారాయణపేట దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణ, మొగులయ్యకు 2022ల, కొండప్పకు 2024ల పద్మశ్రీ వచ్చింది, వాళ్లను వినకుండ ఇథియోపియా పోతే నాకు కోపమొస్తది. యూట్యూబ్‌ల వాయిద్యం పేరు తెలుగుల కొట్టు, ఇంగ్లీషుల కొడితే రానియి శాన వస్తయ్. ఐతే ఆ వీడియోలల్ల సగానికి పాడినోళ్ల పేరు ఉండది, ఊరు ఉండది. మెర్గియా కాసెట్ మీద పేరున్నది కాబట్టే ఆయన్ని ఎతకగలిగిన్రు. అందుకే కురుమూర్తి జాతరకు పోయినా పెద్దగట్టుకు పోయినా, ఎవరన్న వాయిస్తుంటే ముందు అడిగి, చేతుల ఇంత పెట్టి, అప్పుడు రికార్డ్ జెయ్యి, పేరు, ఊరు, వాయిద్యం, తారీకు ఫైల్ పేరులనే రాయి.

ఈ వారం మెర్గియాతోని మొదలువెట్టు, ఆయన కాడికెళ్లి యాడికి పోయినవో వాట్సాప్ జెయ్యి, నేను గూడ వింట.

మీ మామ
నల్లగొండ