ట్రైకోడెర్మాలో కార్బెండజిమ్ కలిపితే మిగిలేది తెగులే

ప్రశ్న: గరువులో రెండెకరాల వేరుశనగ వేశాం. వయసు 50 రోజులు. మొక్కలు గుంపులు గుంపులుగా వాడి చచ్చిపోతున్నాయి. వేరుపురుగనుకుని గుళికలు చల్లాం. విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి (జీవ మందు), కార్బెండజిమ్ (తెగుళ్ల రసాయన మందు) కలిపే పట్టించాం. వారం కిందట ఆ రెండూ కలిపి మొదళ్లలో కూడా పోశాం. తగ్గలేదు. ట్రైకోడెర్మా నకిలీదా? షాపులో కార్బెండజిమ్ మోతాదు పెంచి, టానిక్ కలిపి మళ్లీ పోయమంటున్నారు. ఫోటోలు పంపుతున్నాం.
– ఒక రైతు, గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా

జవాబు: ఇది వేరుపురుగు కాదు. వేరుపురుగైతే లాగగానే మొక్క చేతిలోకి వచ్చేస్తుంది, వేరు కొరికేసి ఉంటుంది. మీ ఫోటోలో వేరు బాగానే ఉంది. నేలను ఆనుకున్న కాండం చుట్టూ తెల్లటి బూజు దారాలు, వాటి మధ్య ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు కనిపిస్తున్నాయి. ఇది స్క్లెరోషియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే కాండం కుళ్ళు. గుళికల ఖర్చు దండగ.

ట్రైకోడెర్మా నకిలీదో కాదో ఫోటో చూసి చెప్పలేం. అసలు సరుకే అయినా బతికేది కాదు. అది కూడా శిలీంధ్రమే, కాకపోతే తెగులు శిలీంధ్రాల్ని అణిచే మేలు రకం; కార్బెండజిమ్ తగిలితే చస్తుంది. స్క్లెరోషియం మీద మాత్రం కార్బెండజిమ్ దాదాపు పనిచేయదు. అంటే మీరు పోసిన మందు కాపలాదారుని చంపి దొంగను వదిలేసింది. మోతాదు రెట్టింపు చేసినా అంతే. షాపులో రెండు ప్యాకెట్లూ ఒకే బిల్లులో రాసిచ్చినవాళ్లు ఈ ముక్క చెప్పరు. టానిక్ ఊసే వద్దు.

ఇప్పుడు చేయాల్సింది: చచ్చిన మొక్కల్ని మొదలు చుట్టూ మట్టితో సహా సంచిలోకి ఎత్తి, చేను బయట కాల్చేయండి. గట్టు మీద పడేస్తే ఆ గుండ్లు వాన నీటితో మళ్లీ చేలోకే వస్తాయి. తర్వాత లీటరు నీటికి టెబుకొనజోల్ 25.9 శాతం ఇ.సి. 1 మి.లీ. గానీ, హెక్సాకొనజోల్ 5 శాతం 2 మి.లీ. గానీ కలిపి, నాజిల్ తీసేసి మొదళ్లు తడిసేలా పోయండి. చేనంతా అక్కర్లేదు. తెగులున్న మచ్చ, దాని చుట్టూ మీటరు మేర చాలు. ఆకుల మీద పిచికారీ చేస్తే మందు మొదలు దాకా దిగదు. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద చూసుకోండి. గొప్పు తవ్వి రాలిన ఆకుల్ని మొదళ్లకు ఎగదోయకండి. ఈ బూజుకి మొదటి మేత ఆ కుళ్ళిన ఆకులే.

ఈ మందులు కూడా ట్రైకోడెర్మాకి పడవు. కాబట్టి పోసిన 15 రోజుల దాకా దాన్ని చేలోకి తేవద్దు. ఈలోగా తయారు చేసుకోండి: బాగా చివికిన పశువుల గత్తం 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, నీడలో కుప్పపోసి, తడి గోనెసంచులు కప్పండి. పిడికిట పడితే ముద్దవ్వాలి, నీరు కారకూడదు. మూడు రోజులకోసారి తిరగేయండి. వారం, పది రోజులకు గత్తం మీద ఆకుపచ్చ బూజు కమ్ముకోవాలి. కమ్మిందంటే మీ సరుకు మంచిదే. పచ్చి పేడతో చేస్తే కుప్ప వేడెక్కి అంతా పోతుంది. ఇది ఎకరాకి సరిపోతుంది, పదునులో సాళ్ల వెంట వేయాలి. ఎండిన నేలలో చల్లితే వేయనట్టే.

కొనేటప్పుడు గడువు తేదీ, గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు అన్న లెక్క చూడండి. ఎండ తగిలే అరలో పెట్టిన ప్యాకెట్ తీసుకోవద్దు.

వచ్చే పంటకి కిలో విత్తనానికి మాంకోజెబ్ 3 గ్రాములు ముందు పట్టించండి. దానితో ట్రైకోడెర్మాకి పెద్ద ఇబ్బంది లేదు. విత్తే ముందు నీడలో 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించవచ్చు. టెబుకొనజోల్ 2 శాతం పొడి కిలోకి 1 గ్రాము వాడితే మాత్రం ట్రైకోడెర్మాని విత్తనానికి పట్టించకుండా, గత్తంతో నేలలోనే ఇవ్వండి. రసాయన మందు కొట్టిన స్ప్రేయర్‌లోనే కడక్కుండా జీవ మందు పోయడం ఇంకో పొరపాటు.

ఆ రెండెకరాల్లో రెండేళ్లు మొక్కజొన్న వేయండి. టమాటా, మిరప వద్దు, వాటికీ ఇదే తెగులు వస్తుంది. వేసవిలో లోతు దుక్కి చేసి ఆ గుండ్లను అడుగుకి తొక్కేయండి.