వాళ్ల ఆదివారం, మీవారి డ్యూటీ

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మావారు బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో సేల్స్‌మన్. ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్తే రాత్రి పదిన్నరకు వస్తారు. ఆదివారం కూడా సెలవు లేదు. బెంజి సర్కిల్ దగ్గరుండే బావగారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం వస్తే తోడికోడలు వాళ్లు మాల్‌లోనే ఉంటారు. మూడో తరగతి చదివే మా బాబు ‘నాన్నకి మనమంటే ఇష్టం లేదా’ అంటున్నాడు. టీవీకి, ఫోన్‌కి వాయిదాలు కడుతున్నాం. రోజూ గొడవే. ఉద్యోగం మార్పించనా?

జవాబు: అమ్మా, మీ తోడికోడలు ఆదివారం షాపింగ్‌కి వెళ్లాలంటే ఎవరో ఒకరు కౌంటర్ దగ్గర నిలబడాలి. మీవారు చేస్తున్నది ఆ పనే. పొద్దస్తమానం నిలబడి, అడిగినవాళ్లకల్లా చీరలు విప్పి చూపించి, షట్టర్ దించాక అవన్నీ మడతపెట్టి ఇంటికొచ్చే మనిషి పాదాలు ఒకసారి చూడండి. ఆ వేళప్పుడు ఆయన ముభావంగా ఉంటే అది ఓపిక లేక. పంచాయితీ పొద్దున పెట్టుకోండి.

సెలవు దయాధర్మం కాదు. రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం వారానికో రోజు సెలవివ్వాలి, ఆ రోజు జీతం కోయకూడదు. వారంలో 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి. ఒక్కరే అడిగితే ‘రేపట్నుంచి రావద్దు’ అంటారేమోనన్న భయం ఉత్తదేమీ కాదు. అందుకే తోటివాళ్లతో కలిసి, ఆదివారం కాకపోయినా మంగళవారమో బుధవారమో వంతులవారీగా ఇమ్మని అడగమనండి. అదీ ఆషాఢం సేల్స్ మొదలవకముందు. సీజన్ ముందు చేయి తిరిగిన సేల్స్‌మన్‌ను ఏ ఓనరూ తేలిగ్గా వదులుకోడు. లేబర్ ఆఫీసు మాట తర్వాత.

ఇక వాయిదాల సంగతి. నెల జీతం ఆగితే వాయిదా తప్పుతుంది కాబట్టే ఆయన షాపులో నోరెత్తలేకపోతున్నారేమో, ఆలోచించండి. వడ్డీ లేని వాయిదా అని బోర్డు పెడతారు. అసలు సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, మనకు రావలసిన తగ్గింపులోనో కలిసిపోతుంది. ఈ రెండూ తీరేదాకా కొత్త వస్తువు జోలికి పోవద్దు. తోడికోడలి వంటింట్లో ఎయిర్ ఫ్రయర్ చూసొచ్చిన రోజు మరీ వద్దు!

బాబును స్కూల్లో దింపే పని ఆయనకే అప్పగించండి. తండ్రీకొడుకులకు ఆ కాసేపైనా దొరుకుతుంది. వేసవి సెలవుల్లో రద్దీ లేని ఓ మధ్యాహ్నం వాణ్ని షాపుకి తీసుకెళ్లి నాన్న పనిచేస్తుంటే చూపించండి. వాడి ప్రశ్నకు మీరు ఇంట్లో ఎంత చెప్పినా అంత బాగా అర్థం కాదు.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మార్పించకండి. వేరే షాపులో పని వేళలు, వారం సెలవు ముందు కనుక్కోండి. చాలాచోట్ల షాపు మారుతుంది గానీ టైము మారదు.