వైజాగ్ వెళ్లండి, చిట్టీ మాత్రం ఎత్తకండి

ప్రశ్న: మాది హనుమకొండ. మావారి జీతం 38,000. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, మామూలు నెలల్లో 9,000 దాకా వస్తాయి, పెళ్లిళ్ల సీజన్‌లో రెట్టింపు. పాపకు 12, బాబుకు 8 ఏళ్లు. ఇద్దరూ ఇంతవరకు సముద్రం చూడలేదు. మే నెలలో అత్తమ్మను కూడా తీసుకుని వైజాగ్, అరకు వెళ్దామనుకుంటే ఏజెంట్ 62,000 అన్నాడు. బ్యాంకులో 58,000 ఉన్నాయి. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలకు 42,000 కావాలి. లక్ష రూపాయల చిట్టీ వేశాం, నెలకు 5,000, 20 నెలలు. ఇప్పుడు ఆరో నెల. 25,000 తగ్గించి పాడితే వస్తుంది, అది ఎత్తుకుని పోదాం అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. పిల్లలు ఈ వయసులో ఉన్నప్పుడే వెళ్లాలి. పాప పదో తరగతికి వచ్చాక మీకు ఇలాంటి వేసవి దొరకదు. నాకు అభ్యంతరమల్లా చిట్టీ ఎత్తడం మీదే.

లెక్క చూడండి. ఇప్పుడు పాడితే చేతికొచ్చేది 75,000. చివరిదాకా ఆగితే, కమీషన్ 5 శాతం అనుకున్నా, 95,000 వస్తాయి. అంటే ముందుగా తీసుకున్నందుకు మీరు 20,000 వదులుకుంటున్నారు. పాడగానే డబ్బు ఇవ్వరు కూడా. జమానతు అడుగుతారు, జీతం స్లిప్పులున్న వాళ్లను వెతుక్కోవాలి. అన్నింటికంటే ముఖ్యం, మీ ఇంట్లో వేరే అత్యవసర నిధి లేదు. రేపు అత్తమ్మకు ఆస్పత్రి ఖర్చు వస్తే ఆదుకునేది ఈ చిట్టీయే. ఎత్తనంత కాలమే దానికి ఆ బలం. దాన్ని వైజాగ్‌లో ఖర్చు చేసి వస్తే, మిగతా వాయిదాలు కట్టడమే మిగులుతుంది.

అందుకని ముందు జూన్ పని ముగించండి. ఆ 42,000 ఈ వారమే రెండు నెలలకు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. వడ్డీ కోసం కాదు, చేతికి అందకుండా ఉండటానికి. మిగిలిన 16,000కు సీజన్‌లో అదనంగా వచ్చే కుట్టు డబ్బుల్లోంచి 10,000 కలపండి. 26,000. మీ ట్రిప్ ఇంతలోనే.

సరిపోతుందా అంటే, అరకు ఈసారికి వదిలేస్తే సరిపోతుంది. ఏజెంట్ చెప్పిన మొత్తంలో కార్లకు, సముద్రం కనిపించే గదులకు చాలా పోతుంది. వరంగల్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లవారి వైజాగ్‌లో దిగుతారు, ఒక రాత్రి గది ఖర్చు తప్పుతుంది. పోయేటప్పుడు స్లీపర్, వచ్చేటప్పుడు అత్తమ్మ కోసం థర్డ్ ఏసీ, మొత్తం 7,000 పెట్టుకోండి. పెద్దవాళ్లకు ఉన్న రాయితీ 2020 మార్చి నుంచి లేదు కాబట్టి ఆమెకూ పూర్తి టికెట్టే. బాబుకు బెర్త్ వద్దనుకుంటే సగం ఛార్జీ. బీచ్ రోడ్డుకు కాస్త లోపల రెండు గదులు, రెండు రాత్రులు, 8,000. తిండికి 6,000, ఆటోలకు, టికెట్లకు 4,000, చేతిలో 1,000.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, ఆ ఉదయమే చేయించండి. తేదీలు మాత్రం పంచాంగం చూసి పెట్టుకోండి. ముహూర్తాలు జోరుగా ఉన్న వారంలో మిషన్ ఆపితే మీకు నష్టం. సింహాచలం చందనోత్సవం అక్షయ తృతీయ నాడు వస్తుంది. స్వామి నిజరూప దర్శనం ఏడాదిలో ఆ ఒక్క రోజే కనుక జనం పోటెత్తుతారు, గదులు దొరకవు. అత్తమ్మకు ఆ దర్శనమే కావాలంటే తప్ప, ఆ రోజుల్లో వద్దు. మామూలు రోజున కొండెక్కి దర్శనం చేసుకుంటే ఆమె ప్రాణానికీ సుఖం.

ఆర్కే బీచ్‌కు టికెట్ లేదు. పొద్దున ఎనిమిదిలోపు, మళ్లీ సాయంత్రం వెళ్లండి, మధ్యాహ్నం ఉక్కపోత తట్టుకోలేరు. అక్కడే ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. 1971 యుద్ధంలో పాల్గొన్న దాని లోపలికి వెళ్లి, ఆ ఇరుకు బంకుల్లో నావికులు ఎలా పడుకునేవారో పిల్లలు చూడాలి. సోమవారం మూసేస్తారు. సంగీతం, నాట్యం ఇష్టమైతే కళాభారతి ఆడిటోరియంలో ఆ రోజుల్లో ఏముందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మిగతా సెలవులను ఖాళీగా పోనివ్వకండి. తెలంగాణ ఆర్టీసీ మహాలక్ష్మి పథకంలో మీకు, పాపకు, అత్తమ్మకు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ ఉంటే చాలు. ఒక ఆదివారం రామప్ప గుడి, ఇంకో ఆదివారం లక్నవరం చెరువు. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే ఖర్చంతా మీవారి టికెట్, బాబు సగం టికెట్, దారిలో ఆటో.

జూలై నుంచి మీ పేరు మీదే తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్ తెరవండి, నెలకు 2,500. ఏప్రిల్‌కల్లా 22,500 పైన చేతికొస్తాయి. అరకు అప్పుడు వెళ్లొచ్చు.