నాబ్ తిప్పితే లోపల ఏం జరుగుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో తిప్పే స్విచ్చుల మీదే ఎక్కువ ఉన్నాయి. ఫ్యాన్ రెగ్యులేటర్, మిక్సీ, కరెంటు పొయ్యి, యాంప్లిఫయర్... అందుకని అన్నీ ఒకచోట పెట్టేశాం. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట ఒకరిదే వేశాం, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా హాల్లో ఫ్యాన్ రెగ్యులేటర్ నాబ్ ఊడిపోయి చాలా రోజులైంది. మావారు కటింగ్ ప్లేయర్‌తో లోపలి ఊచ పట్టుకుని తిప్పేస్తుంటారు. "ఏం కాదులే" అంటారు. నిజంగా ఏం కాదా? ఇంకో సంగతి, మా రెగ్యులేటర్ నంబర్ల దగ్గర మాత్రమే ఆగుతుంది, అమ్మావాళ్లింట్లో పాతది ఎక్కడ కావాలంటే అక్కడ ఆగేది. రెండింట్లో ఏది మంచిది? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ప్లేయర్ దాచేసి, తర్వాత మిగతాది చదవండి. నాబ్ అంటే పట్టుకోవడానికి వీలుగా పెట్టిన ప్లాస్టిక్ ముక్క అనుకుంటాం గానీ, మీ చేతికీ కరెంటుకీ మధ్య ఉన్న అడ్డుగోడల్లో అదొకటి. లోపలి ఊచ లోహమైతే, మామూలుగా దానికి కరెంటు తగలకుండానే కడతారు, కానీ పాతబడి, వేడికి లోపలి ప్లాస్టిక్ పెళుసెక్కి పగిలితే ఆ ఊచకే ఫేజ్ రావచ్చు. ప్లేయర్ పిడికి ఉన్న రబ్బరు తొడుగు చిరిగి ఉందో లేదో ఎవరు చూస్తారు? ఇంకో మాట కూడా ఉంది. ప్లేయర్‌తో తిప్పేటప్పుడు బలం అంచనా తెలియదు, చివరికొచ్చాక కూడా బలవంతంగా తిప్పేస్తాం, దాంతో లోపల ఆపే మెట్టు విరుగుతుంది. కొత్త నాబ్‌కు అయ్యే ఖర్చు టీ ఖర్చు లాంటిదే. కొనేటప్పుడు పాత రెగ్యులేటర్ విప్పించి పట్టుకెళ్లండి, ఎందుకంటే ఊచలు అన్నీ ఒకటి కావు. ఆరు మిల్లీమీటర్లవి ఉన్నాయి, పావు అంగుళానివి అంటే 6.35 మిల్లీమీటర్లవి ఉన్నాయి. చిన్న నాబ్ పెద్ద ఊచకు ఎక్కదు, పెద్దది చిన్న ఊచ మీద లొడలొడలాడుతుంది.

ఇక రెండో సంగతి. ఎక్కడంటే అక్కడ ఆగేదాంట్లో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు వంద అర అలలు వస్తాయి, ఆ ప్రతి అర అలలోనూ మొదటి భాగాన్ని కత్తిరించి మిగతాది ఫ్యాన్‌కు పంపిస్తుంది. ఆ కత్తిరింపు వల్లే స్పీడు తగ్గించినప్పుడు ఫ్యాన్ గుయ్‌మంటుంది. మీదాంట్లో ఉన్నవి కెపాసిటర్లు. చాలావాటిలో రెండే ఉంటాయి. ఒకటో నంబరులో చిన్నది, రెండో నంబరులో పెద్దది, తర్వాత రెండూ కలిపి, చివరి నంబరులో ఏదీ లేకుండా నేరుగా. కెపాసిటర్‌ను కొంచెం కొంచెంగా పెంచడం కుదరదు కాబట్టే మెట్లు. చప్పుడుండదు, వేడిగా పోయేదీ చాలా తక్కువ. బొద్దుగా, ముట్టుకుంటే కాలే ఆ ఇంకా పాత డబ్బా రెగ్యులేటర్ గుర్తుందా, దాంట్లో తీగ చుట్ట ఉండేది, ఫ్యాన్‌కు తగ్గించిన వోల్టేజీ అంతా ఆ చుట్టలో వేడై పోయేది. "స్పీడు తగ్గించినా బిల్లు తగ్గదు" అని పెద్దవాళ్లు అనేది ఆ డబ్బాను చూసే. మీ కెపాసిటర్‌దానికి ఆ మాట వర్తించదు, స్పీడు తగ్గిస్తే కరెంటూ తగ్గుతుంది. నన్నడిగితే మీదే మంచిది.

ఒక్క జాగ్రత్త. నంబరుకూ నంబరుకూ మధ్య నాబ్ నిలబెట్టకండి. తిప్పినప్పుడు వినిపించే ఆ "టక్" ఉంది చూశారూ, అది స్ప్రింగు నెట్టిన గోళీ గుంటలో పడిన చప్పుడు. మిట్ట దాటగానే మిగతా దూరం స్ప్రింగే లాగేస్తుంది, చెయ్యి నిదానంగా తిప్పినా లోపలి రేకు చటుక్కున కదులుతుంది. స్విచ్చుల్లో అసలు చిక్కంతా ఈ మధ్య దూరంలోనే. రేకులు సగం తాకీ తాకక ఉంటే నిప్పురవ్వలు లేచి మసిబారతాయి. 1884లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఇంజనీరు స్విచ్‌లో కరెంటు చటుక్కున తెగేలా చేసింది కూడా దీనికోసమే. మీ రెగ్యులేటర్‌లో "టక్" వినిపించడం మానేసిందంటే నాబ్ ఒక్కటే మార్చి లాభం లేదు, మొత్తం మార్చేయండి.

ప్రశ్న: బీఎల్‌డీసీ ఫ్యాన్ కొన్నాం, రిమోట్ ఇచ్చారు. పాత రెగ్యులేటర్ కూడా ఉంచుకోవచ్చా? రిమోట్ ఎప్పుడూ దిండు కిందే పోతుంది. – కరీంనగర్

జవాబు: ఉంచకండి. ఆ ఫ్యాన్‌లో ఏసీని డీసీగా మార్చే బోర్డు ఉంటుంది, దానికి పూర్తి కరెంటు రావాలి. రెగ్యులేటర్ మధ్యలో ఉండి కోసిన కరెంటో తగ్గిన కరెంటో ఇస్తే ఫ్యాన్ ఆగి ఆగి తిరుగుతుంది, బోర్డూ పోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో రెగ్యులేటర్‌ను తప్పించి నేరుగా కలిపించండి. రిమోట్ బాధ తప్పాలంటే బీఎల్‌డీసీ ఫ్యాన్ల కోసమే చేసిన గోడ నాబ్‌లు వస్తున్నాయి, మీ ఫ్యాన్ కంపెనీదే అయితేనే కొనండి.

ప్రశ్న: రైస్ మిల్లులో పనిచేస్తాను. ప్యానెల్ మీద అమ్మీటరు సెలెక్టర్ స్విచ్ పోయింది. షాపులో వోల్ట్‌మీటరుది ఇచ్చి "రెండూ ఒకటే, నాలుగు పొజిషన్లే కదా, పేరు రేకు మార్చి బిగించుకో" అన్నారు. బిగించనా? – మిర్యాలగూడ

జవాబు: బిగించవద్దు. ఇంకా బిగించలేదు కాబట్టి సరిపోయింది. ఆర్, వై, బి అనే మూడు ఫేజులనూ ఒకే మీటరుతో ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవడానికి పెట్టేవే ఈ స్విచ్చులు. బయటికి రెండూ కవలల్లా ఉంటాయి, నాబ్ ఒకటే, మలుపులూ ఒకటే. తేడా మలుపుకూ మలుపుకూ మధ్యలో ఉంది.

వోల్ట్‌మీటరు స్విచ్ ఆర్-వై నుంచి వై-బికి వెళ్లేటప్పుడు పాతదాన్ని పూర్తిగా వదిలేశాకే కొత్తదాన్ని పట్టుకోవాలి. ఒక్క క్షణం రెండింటినీ కలిపి పట్టుకుందా, 415 వోల్టుల మీద రెండు ఫేజులు ఒకదానికొకటి తగిలినట్టే. అమ్మీటరు స్విచ్ సరిగ్గా దీనికి తలకిందులు. అది కొత్తదాన్ని పట్టుకున్నాకే పాతదాన్ని వదలాలి, మీటరుకు ఇవ్వని మిగతా ఫేజుల తీగల్ని కూడా లోపలే షార్ట్ చేసి ఉంచాలి. ఎందుకంటే మీ ప్యానెల్‌లో మీటరుకు వచ్చేది మోటారు కరెంటు కాదు, సీటీ అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తగ్గించి ఇచ్చేది. దాని మీద 100/5 అని రాసుంటే, మెయిన్‌లో వంద ఆంపియర్లు పారినప్పుడు మీటరు వైపు ఐదు పారతాయన్నమాట. ఆ ఐదు పారే దారి ఎప్పుడూ మూసుకుని ఉండాలి. అది తెగిందంటే, మెయిన్ కరెంటు మాత్రం దాని పాటికి అది పారుతూనే ఉంటుంది కాబట్టి, సీటీలోని ఇనుమంతా దాని అయస్కాంత బలంతో నిండిపోయి తెగిన కొసల దగ్గర వందల వోల్టులు, పెద్ద సీటీల్లో వేలు కూడా పుట్టుకొస్తాయి. సీటీ కాలిపోతుంది, తాకినవాడికి ప్రాణం మీదికి వస్తుంది. వోల్ట్‌మీటరు స్విచ్ పెడితే మీరు ఆర్ నుంచి వైకి తిప్పిన ప్రతిసారీ జరిగేది ఇదే. ఐదు ఆంపియర్లే కదా అని ధీమాగా ఉండేవాళ్లను చూస్తే నాకు భయం.

కొత్తది తెచ్చాక బోర్డుకు ఎక్కించకముందే చేతిలో పెట్టుకుని చూడండి. మల్టీమీటరును బజర్‌లో పెట్టి ఒక కొస సీటీ తీగ వచ్చే టెర్మినల్‌కు, ఇంకో కొస సీటీల ఉమ్మడి తీగ టెర్మినల్‌కు ఆనించండి. మీటరు టెర్మినళ్ల మధ్య చిన్న తీగ ముక్క వేసుకోండి, లేకపోతే ఆ ఫేజ్ వంతు వచ్చినప్పుడు బజర్ ఎలాగూ ఆగుతుంది. ఇప్పుడు నాబ్ వీలైనంత నిదానంగా తిప్పండి. ఏ మలుపులోనూ, మలుపుల మధ్యలో కూడా బజర్ తెగకూడదు. తెగిందంటే షాపుకు వాపసు ఇచ్చేయండి. పాత స్విచ్ విప్పడం మాత్రం మెయిన్ ఆపి, టెర్మినల్ బ్లాకులో సీటీ లింకులు షార్ట్ చేసిన తర్వాతే, లైసెన్సున్న మనిషితోనే.

ప్రశ్న: అమెరికా వచ్చిన కొత్త. అపార్ట్‌మెంట్‌లో కాయిల్ పొయ్యి ఉంది. నాబ్ మీడియంలో పెడితే కాయిల్ ఎర్రబడుతుంది, కాసేపటికి నల్లబడుతుంది, మళ్లీ ఎర్రబడుతుంది. దోసెలు ఒకటి మాడుతోంది, ఒకటి పచ్చిగా వస్తోంది. పొయ్యి పాడైందా? – టెక్సస్

జవాబు: పాడవలేదండీ, దాని పద్ధతే అంత. ఆ నాబ్ మంటను తగ్గించదు, సమయాన్ని పంచుతుంది. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ, దాన్ని వేడిచేసే చిన్న హీటరు ఉంటాయి. పట్టీ వేడెక్కి వంగితే కరెంటు ఆగుతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా పూర్తిగానే వస్తుంది. నాబ్ తిప్పినప్పుడు ఆ పట్టీ మీద ఒత్తిడి మారుతుంది, దాన్నిబట్టి ఎంతసేపు వెలగాలి, ఎంతసేపు ఆరాలి అన్నది మారుతుంది. పల్చని నాన్‌స్టిక్ పెనం ఈ ఎగుడుదిగుడును అలాగే దోసెకు చేరవేస్తుంది. మందపాటి ఇనుప పెనం వాడండి, బాగా కాలాక వెయ్యండి. కనీసం దగ్గర పెట్టినా ఆరకుండా ఎర్రగానే ఉంటే మాత్రం స్విచ్ కాంటాక్టులు అతుక్కుపోయినట్టు, వాడటం ఆపి ఓనర్‌కు చెప్పండి.

నాబ్ నొక్కి తిప్పాల్సి రావడం విసుగ్గా ఉందని కూడా రాశారు. నడుము తగిలో, పిల్లాడు లాగో వెలగకుండా ఉండటానికే అది. విసుగైనా దాని జోలికి పోకండి. ఇక దిక్కు సంగతి: కరెంటు వస్తువులకు కుడికి తిప్పితే పెరగాలని ఐఈసీ 60447 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. గ్యాస్, నీళ్ల కుళాయి ఎడమకు తిప్పితే తెరుచుకుంటాయి. మన గ్యాస్ పొయ్యిలో అయితే ఆఫ్ దాటగానే ముందు పెద్ద మంట, ఆ తర్వాతే సిమ్, వెలిగించేటప్పుడు గ్యాస్ బాగా రావాలి కదా. ఆ అలవాటుతో కాయిల్ పొయ్యి దగ్గర తడబడటం మామూలే. చేతి అలవాటును నమ్మకుండా కొన్నాళ్లు నాబ్ మీద రాసింది చూసి తిప్పండి.

ప్రశ్న: మిక్సీకి ఒకటి, రెండు, మూడు కుడివైపు పెట్టి, ఇంచర్ ఒక్కదాన్ని ఎడమవైపు ఎందుకు పెట్టారు? – గుంటూరు

జవాబు: చెయ్యి తీస్తే ఆగిపోవాలి కాబట్టి. ఎడమవైపు స్ప్రింగు ఉంటుంది, వదలగానే సున్నాకు వస్తుంది. కొబ్బరి పచ్చడి మరీ మెత్తగా అవకూడదంటే ఆ నాలుగు కుదుపులే చాలు. కుడివైపు నంబర్లు ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి. చాలా మిక్సీల్లో ఫీల్డు కాయిల్‌కు మధ్యమధ్యలో తీగలు తీసి ఉంచుతారు, ఒకటిలో చుట్లన్నీ పనిచేస్తాయి, మూడుకు వచ్చేసరికి కొన్నే.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. నాబ్ లోపలి రంధ్రం ఒకవైపు చదునుగా ఉంటుంది, అది అరిగితే నాబ్ ఊచ మీద జారుతుంది. అప్పుడు నాబ్ సున్నా చూపిస్తూ ఉంటుంది, లోపల స్విచ్ ఒకటిలో ఉంటుంది. జార్‌లో చెయ్యి పెట్టి గరిటెతో కలిపేటప్పుడు ఎవరైనా గోడ స్విచ్ వేశారా, బ్లేడు తిరుగుతుంది. నాబ్ వదులైతే ఫెవిక్విక్‌తో సరిపెట్టకండి, మార్చండి. సున్నా చూపిస్తున్నా సరే, జార్ కిందికి దించాకే చెయ్యి పెట్టండి.

ప్రశ్న: పాత యాంప్లిఫయర్ వాల్యూమ్ తిప్పితే గరగర. – రాజమండ్రి

జవాబు: లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము, అరుగుదల. సెట్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, నాబ్ అటూ ఇటూ బాగా తిప్పండి. మళ్లీ వస్తే పొటెన్షియోమీటర్, అంటే ఆ పట్టీ ఉన్న భాగం, మార్చాలి. మార్చేటప్పుడు "లాగ్"దే అడగండి. మామూలుది పెడితే మొదట్లోనే శబ్దం మొత్తం వచ్చేసినట్టుండి, ఆ తర్వాత ఎంత తిప్పినా పెరిగినట్టే ఉండదు, మన చెవి తీరు అలాంటిది.

ప్రశ్న: అమ్మకు చూపు బాగా తగ్గింది. వాషింగ్ మెషీన్ కొనాలి. టచ్ వద్దు, నాబ్ ఉన్నదే కొనమంటోంది. పాతకాలం మాట కాదా? – హైదరాబాద్

జవాబు: అమ్మగారి మాటే కరెక్ట్. నున్నటి గాజు మీద వేలికి ఏ గుర్తూ దొరకదు. కానీ నాబ్ ఉన్నవన్నీ కూడా ఒకటి కావు. కొత్త మెషీన్లలో చాలావాటికి ఎన్ని చుట్లైనా తిరిగే నాబ్ ఉంటుంది, దానికి మొదలూ చివరా ఉండవు. లోపల రెండు కాంటాక్టులు ఒకదాని వెనుక ఒకటి తాకుతాయి, ఏది ముందు తాకిందన్నదాన్ని బట్టి మెషీన్ ఏ వైపు తిప్పారో లెక్కపెట్టుకుంటుంది. ఎక్కడున్నామో చూపించేది లైటే, నాబ్ కాదు. అలాంటిది అమ్మగారికి టచ్ అంత కష్టమే. సున్నా దగ్గర గట్టిగా ఆగిపోయేది, ముందుకు పొడుచుకొచ్చిన గీత ఉన్నది, ప్రతి మలుపుకూ "టక్" తెలిసేది చూడండి. ఇంటికి తెచ్చాక రోజూ వాడే ప్రోగ్రామ్ దగ్గర చిన్న ఎంసీల్ ఉండ అతికిస్తే వేలికి తెలుస్తుంది. షాపుకు అమ్మగారినే తీసుకెళ్లి ఆవిడ చేతే తిప్పించి చూడండి, డెమో పీస్ లేదంటే ఇంకో షాపుకు వెళ్లండి.