అండమాన్ కమాండ్‌కు మిగతావాటికి తేడా ఏంటి? అక్కడ పనిచేసినవాడిగా నా జవాబు

అండమాన్ నికోబార్ కమాండ్ (ఆ దీవుల్లోని అన్ని దళాలూ ఒకే కమాండర్ కింద పనిచేసే ఏర్పాటు) ప్రత్యేకత ఏంటి, అలాంటివి దేశంలో ఇంకా కావాలా అని అడిగారు. కావాలి. ఎప్పుడో రావాల్సింది. నేను ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ల మెయింటెనెన్స్ చూసి రిటైరై, ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను.

2007లో కార్ నికోబార్ దీవిలో ఉన్నాం. ఒక రాత్రి కోస్ట్‌గార్డ్ నౌకలో ఓ కుర్రాడికి కడుపునొప్పి లేచి మెలికలు తిరిగిపోయాడు. నౌకను మా జెట్టీకి తెచ్చారు. అక్కణ్ణుంచి ఆర్మీ అంబులెన్స్, ఆర్మీ స్ట్రెచర్. నేను టార్చి పళ్ల మధ్య పట్టుకుని హెలికాప్టర్ రోటర్ బ్లేడ్లకు కట్టిన తాళ్లు విప్పుతున్నా. ఉప్పుగాలికి ముడులు బిగుసుకుపోయి రెండు గోళ్లు చిట్లాయి. లోపలికి ఎక్కిస్తుంటే ఆ పిల్లాడు నా చొక్కా చెయ్యి పట్టుకుని వదలడే! వెలుగు రాగానే మా హెలికాప్టర్ లేచింది. పోర్ట్‌బ్లెయిర్‌లో నేవీవాళ్ల ధన్వంతరి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు, బతికాడు.

నాలుగు రకాల యూనిఫాంలు కదలడానికి ఒక్క ఫోన్ సరిపోయింది. ఎందుకంటే పైన కమాండర్ ఒక్కరే. 2001లో పెట్టినప్పటి నుంచి పద్ధతి ఇదే. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్‌గార్డ్ అన్నీ ఆయన కిందే. మొదటి కమాండర్ నేవీ నుంచి వచ్చిన వైస్ అడ్మిరల్ అరుణ్ ప్రకాశ్. తర్వాత మూడు దళాల వాళ్లూ ఆ కుర్చీలో కూర్చున్నారు.

మిగతా దేశంలో ఆర్మీకి 7, ఎయిర్‌ఫోర్స్‌కు 7, నేవీకి 3 కమాండ్‌లు, ఎవరివి వాళ్లవే. ఒక్క తూర్పు వైపే చూడండి: ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ కోల్‌కతాలో, ఎయిర్‌ఫోర్స్‌ది షిల్లాంగ్‌లో, నేవీది మన విశాఖలో. దీని బాధ నాకు తెలుసు. అంతకుముందు ఒక స్టేషన్‌లో, గోడ అవతలి ఆర్మీ యూనిట్ నుంచి ఒక ట్రాలీ అడిగితే కాగితం పైకెళ్లి కిందికొచ్చేసరికి పదకొండు రోజులు. ట్రాలీ మాత్రం రోజూ కళ్లెదుటే కనబడేది.

ఇలాంటి ఉమ్మడి కమాండ్‌ల మీద టీవీ చర్చల్లో ఎంతసేపూ ఏ దళం పెద్దరికం ఎవరికి పోతుందనే గొడవ. కింద పనిచేసేవాడి మాట ఒక్కరూ అడగరు. క్రమశిక్షణ సంగతే తీసుకోండి. వేరే దళం మనిషి తప్పుచేస్తే ఉమ్మడి కమాండర్ నేరుగా చర్య తీసుకోలేకపోయేవారు, అతని సొంత దళానికి అప్పజెప్పాల్సివచ్చేది. ఆ అధికారం ఇచ్చే చట్టం 2023లో గాని రాలేదు. ఇరవై రెండేళ్లు! మా కమాండర్లు అన్నేళ్లూ ఒక చెయ్యి కట్టేసుకునే నడిపారు, అయినా నడిచింది. ఇంతకంటే రుజువేం కావాలి?

ఆ స్ట్రెచర్ నాలుగో రోజు నేవీ విమానంలో తిరిగొచ్చింది. ఒక్క సంతకం పెట్టి దింపుకున్నాను, సాయంత్రానికల్లా ఆర్మీవాళ్లకు ఇచ్చేశాం.