లైన్ కలిపి పక్కకు తప్పుకో

తిరుపతి,
ఆదివారం

అమ్మణ్ణీ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, సగంలోనే పెట్టేశాను. "చదువైపోయింది, ఉద్యోగం వచ్చేదాకా మీ మహిళా సంస్థలో చేరతాను, కానీ పెద్దమ్మా, జీతం లేని చోట ఏమొస్తుంది?" అని కదా అడిగావు. వెనక నుంచి మీ అమ్మ "ఆటో చార్జీలు కూడా మన చేతివే" అనడం నాకు వినపడింది. అన్నేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసినదాన్ని, వెనకాల మాటలు వినపడకుండా ఎట్లా పోతాయి! మీ అమ్మ చెప్పింది నిజమే. ఆటో చార్జీలు మన చేతివే.

మన ఊళ్లో సేవ అంటే అందరికీ కొండే గుర్తొస్తుంది. శ్రీవారి సేవకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, క్యూల్లో నీళ్లందించి, అన్నం వడ్డించి, చివర్లో దర్శనం చేసుకుని పోతారు. ఇంట్లో హింస పడే ఆడవాళ్లకు తోడుండే మన పనిలో ఆ చివరి దర్శనం ఉండదు. నువ్వు ఆరు నెలలు వెంట తిరిగిన మనిషి ఒకరోజు రావడం మానేస్తుంది. బాగుపడిందో, మళ్లీ ఆ ఇంటికే పోయిందో చాలాసార్లు తెలియను కూడా తెలియదు. అది తెలిసే రా.

నేను 2007లో చేరాను. పుణ్యానికి కాదు. మీ పెదనాన్న పోయాక సాయంత్రాలు గడవక చేరాను. అప్పటికి గృహహింస చట్టం అమల్లోకి వచ్చి ఏడాది కాలేదు. 2005లో చేసినా 2006 అక్టోబరు 26 నుంచే కదా అమలు. ఆ చట్టం తెలుగు పుస్తకం ఒకటి కొని, రెండుసార్లు చదివి, నాకంతా తెలిసిపోయిందనుకున్నాను. మొదటి నెలలోనే పాకాల వైపు నుంచి ఒకామె వచ్చింది. గంటసేపు చెప్పాను: కేసు పెట్టు, ఇల్లు వదిలెయ్, విడాకులు తీసుకో. అంతా విని, కొంగు సర్దుకుని, "నువ్వూ మా ఆయన మాదిరే మాట్లాడతాండావు కదమ్మా. ఇది చెయ్, అది చెయ్ అని" అని లేచిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ రాత్రి నాకు ఎక్స్చేంజి గుర్తొచ్చింది. ట్రంకుకాల్, అంటే దూరపు ఊరి ఫోన్, కలిపాక ఆపరేటర్ చేయాల్సిన పని ఒకటే, లైన్‌లోంచి తప్పుకోవడం. మధ్యలో దూరి, "అట్లా కాదు సార్, మీ తమ్ముడికి ఇట్లా చెప్పండి" అంటే ఊరుకుంటారా? ఇక్కడా అంతే. ఈ చట్టం కింద ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ అధికారి, ప్రొటెక్షన్ ఆఫీసర్ ఎక్కడుంటారో, ఏ కాగితం ఎవరికివ్వాలో చెప్పు. కావాలంటే వెంట నడువు. పోవాలా వద్దా అన్నది ఆమె మాట.

మా అవ్వ తాతయ్యగుంట గంగమ్మ కథ చెప్పేది. పాలెగాడు ఊరి ఆడవాళ్లను చెరుస్తుంటే అమ్మవారు వేషాలు మార్చి మార్చి వెతికి, దొర వేషంలో పోయి వాడి తల నరికింది. చాలామందికి కథ అక్కడితో సరి. మా అవ్వ మాత్రం ఆపేది కాదు. ఆ తర్వాత అమ్మవారు మాతంగి వేషం కట్టి, ఏడుస్తున్న పాలెగాడి పెండ్లాం దగ్గరికి పోయి ఓదార్చిందని చెప్పేది. అంత చెడ్డవాడికోసం ఏడవడమేమిటని చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. సంస్థలో చేరాక చూశాను. విరిగిన చేతికి కట్టు కట్టించుకుంటూ "ఆయప్ప అన్నం తిన్నాడో లేదో" అంటారు. నవ్వకు, కోప్పడకు. "ఇన్నేళ్లు ఎందుకు భరించావు?" అనే మాట నీ నోట్లోంచి రానే కూడదు. ఒకవేళ వెనక్కి పోయినా, మళ్లీ రావడానికి మన తలుపు ఉందని ఆమెకు తెలిస్తే చాలు.

పనిని మరీ పెద్దగా ఊహించుకోకు. ముప్పాతిక భాగం జెరాక్సులే. ఆధార్ కార్డు అత్తగారి బీరువాలో ఉంటుంది, పాస్‌బుక్కు మొగుడి దగ్గరుంటుంది. ఒక్కో కాగితం మళ్లీ పుట్టించాలి. కోర్టులో దరఖాస్తు పడ్డాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నం అని చట్టంలో రాశారు. కోర్టు వరండాలో క్యాలెండర్ వేరే. ఆ వరండాలో పక్కన కూర్చోవడమే నీ ఉద్యోగం అనుకో. నీళ్ల సీసా, రెండు పెన్నులు, బిస్కెట్ ప్యాకెట్ సంచిలో పెట్టుకో. పిల్లలుంటారు.

కొన్ని మాత్రం నోటికి రావాలి. 181 మహిళల హెల్ప్‌లైన్, తక్షణ ప్రమాదమైతే 112. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, దానికి 15100. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఈ ఒక్క ముక్క చెప్పినప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడు. నేను పాత నంబర్ల దాన్ని, మొగుడు, అత్తింటివాళ్లు పెట్టే హింస మీద కేసు పెట్టే సెక్షన్‌ను ఇంకా 498ఎ అనే అంటాను. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86. నువ్వు కొత్తవే నేర్చుకో, నన్ను దిద్దు.

నీ సొంత ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకు, సంస్థదే ఇవ్వు. ఎవరినీ ఇంటికి తీసుకురాకు, నేను తెచ్చి ఒకసారి అనుభవించాను. ఫోటో తీసి స్టేటస్ పెట్టావంటే మాత్రం నేనే నిన్ను గేటు బయటికి పంపిస్తాను. వారానికి రెండు పూటలు చాలు, కానీ ఆ రెండు పూటలూ తప్పకూడదు. మొదటి నెల రోజూ వచ్చి రెండో నెల మాయమైనవాళ్లను చాలామందిని చూశాను.

ఇంతకీ ఏమొస్తుందన్నావు. నాకు తమిళం వచ్చింది. తిరుత్తణి, వేలూరు వైపు నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు. "మొక్కుంది, కొండకు పోయొస్తా" అంటే ఏ అత్తా కాదనలేదు కదా! ఒకామె నిజంగానే గుండు చేయించుకుని, ఆ గంధం ఆరకముందే మా గడపలో కూర్చుంది. పోలీస్ స్టేషన్‌లో కుర్చీ చూపించకపోయినా లాక్కుని కూర్చోవడం వచ్చింది. పెళ్లయిన కొత్తలో మా అత్త అన్న మాటలు నాకొక్కదానికే జరిగిన సంగతి కాదని తెలిసింది. నా కోడలి మీద నోరు పారేసుకోవడం తగ్గింది. తగ్గింది అన్నాను, పోలేదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. పోయిన శుక్రవారం తిరుచానూరులో పూలు కొంటుంటే, అమ్ముతున్న మనిషిని ఎక్కడో చూసినట్టనిపించింది. నాలుగేళ్ల కిందట నేను వెంట తిరిగిన మనిషే, రెండు పళ్లు ఊడి వచ్చింది అప్పుడు. పక్కన కూతురు పూలు కడుతోంది. నా ముఖం చూసింది, గుర్తుపట్టింది, చూపు తిప్పేసుకుంది. నేనూ ఏమీ అనలేదు. మల్లెలు రెండు మూరలు అడిగాను. గిరాకీలందరికీ కొలిచినట్టే మోచేతిని కాస్త మడిచి, మూర పొట్టిగానే కొలిచి, డబ్బులు పూర్తిగా తీసుకుంది. ఆటోలో ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను.

మంగళవారం పదింటికి రా. టీ డబ్బులు నావి.

మీ పెద్దమ్మ